తొమ్మిదుల అక్క

తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో చింతపండు కొట్టే పనికి మనుషులు కావాలంటే ముందు లక్ష్మక్కకే కబురు వెళ్తుంది. పెంకు పగలగొట్టి, ఈనె లాగి, గింజ తీసి పారేయడానికి ఆమె చేతులకు కళ్ళతో పనిలేదు. కళ్ళు ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీద, నోరు ఊళ్ళో సంగతుల మీద, చేతులు చింతపండు మీద. మూడూ ఒకేసారి నడుస్తాయి. ఏళ్ళ తరబడి అదే పని చేసి ఆమె వేలికొసలు ఎండిన గోగుకట్టెల్లా గట్టిపడిపోయాయి. పొయ్యిలో నిప్పుకణిక దొర్లి బయట పడితే వేళ్ళతోనే తీసి లోపల వేస్తుంది. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే మాత్రం, ఈమె ఎవరో నేనెరగనన్నట్టు మిషన్ ఎర్రలైటు చూపిస్తుంది.

అదొక్కటి తప్ప ఆ వేళ్ళతో ఆమెకు ఏనాడూ ఇబ్బంది రాలేదు, పాత బటన్ల ఫోను కుడితి తొట్టిలో పడేదాకా.

ఫోను పోయిందని తెలిసి కూతురు మౌనిక కొత్తది తెచ్చింది. మౌనికకు హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని. పలకలాంటి టచ్ ఫోను తెచ్చి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

"ఈడ ఊరికే తాకితే సాలు మా. నొక్కేది కూడా అక్కరల్యా."

లక్ష్మక్క తాకింది. ఏమీ కాలేదు. ఇంకోసారి తాకింది. తడిపి తాకింది. బొటనవేలితో, చిటికెన వేలితో, చివరికి అరచేత్తో ఒక దెబ్బ వేసి చూసింది.

"తాకుతాండానే! నన్ను మనిషని అది అనుకుంటే గదా!"

మౌనిక హిందూపురం వెళ్ళిపోయిన మరునాడు ఆమెకు ఒక ఉపాయం తోచింది. వేళ్ళు మొద్దుబారితే బారాయి, ముక్కు మెత్తగానే ఉంది కదా. ఫోను రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, ముక్కుకొసతో మౌనిక బొమ్మ మీద నొక్కింది. ఫోను పలికింది. కాకపోతే అది వీడియో కాల్ అయింది. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న మౌనికకు, పక్కనున్న ఆడపిల్లలందరికీ లక్ష్మక్క ముక్కుపుడకా, దాని వెనక రెండు సొరంగాలూ కనబడ్డాయి.

"మా, మొగం దూరం పెట్టు!" అని కూతురు అరిచింది.

"దూరం పెడితే ఎట్ల నొక్కేదే?" అంది లక్ష్మక్క.

ఆమెకు మాట లేకపోతే పొద్దు పోదు. మరీ ముఖ్యంగా యాడికిలో ఉన్న అక్క మారెక్కతో మాట్లాడకపోతే తిన్నది అరగదు. తనకల్లు నుంచి యాడికి వెళ్ళాలంటే కదిరిలో ఒక బస్సు, అనంతపురంలో ఒక బస్సు, తాడిపత్రిలో ఇంకొక బస్సు మారాలి. పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప అక్కాచెల్లెళ్ళు కలిసేది లేదు. మిగతాదంతా ఫోనులోనే. చెల్లెలే అక్కకు చెయ్యాలి. పెద్దదాన్ని, నేను చేసేదేంది అని మారెక్క పట్టింపు. ఆ పట్టింపు చిన్నప్పటి నుంచీ ఉన్నదే, లక్ష్మక్క దాన్ని ఎన్నడూ తప్పు పట్టలేదు.

సంత రోజున ఆమె తనకల్లు వెళ్ళి గంగాధర్ సెల్‌ఫోన్ అంగట్లో మొర పెట్టుకుంది. వేలికి పనిచేసే ఫోను ఏదైనా ఇవ్వమంది. గంగాధర్ కుర్రతనం దాటి సంసారంలో పడినవాడు, పాత సామాన్ల మీద పిచ్చి ఉన్నవాడు. బటన్ల ఫోన్లు అయిపోయాయి, వచ్చే వారం తెప్పిస్తానన్నాడు. సరేనని వెనక్కి తిరగబోతూ ఆమె అద్దాల బీరువా మీదికి చూసి ఆగిపోయింది.

అక్కడ నల్లగా, బొద్దుగా, నీళ్ళలోంచి లేచిన ఎనుముదూడలా మెరుస్తూ ఒకటి కూర్చుని ఉంది. ముందు గుండ్రటి చక్రం. చక్రంలో వరసగా గుంతలు. ఒక్కో గుంతలో ఒక్కో అంకె. నెత్తిన రెండు చెవులు, చెవుల మీద అడ్డంగా పడుకున్న పిడి. పిడి నుంచి కాకరతీగలా మెలికలు తిరిగిన వైరు.

"అదేంది గంగాధరా, వానగుంతల పీట మాదిరి ఉండాదే?"

"పాతకాలం టెలిఫోనుక్కా. మూసేసిన ఒక మిల్లులో సామాన్లు అమ్ముతాంటే తెచ్చుకున్నా. ఊరికే షోకి. పని చేయదు."

లక్ష్మక్క అప్పటికే దాన్ని కిందికి దింపుకుంది. బరువుగా ఉంది. ఆ బరువు ఆమెకు నచ్చింది. చూపుడు వేలు ఒక గుంతలో పెట్టింది. ఆ గుంత ఆమె వేలిని కొలత తీసుకుని తవ్వినట్టు సరిపోయింది. చక్రాన్ని తిప్పింది. ఒకచోట చిన్న ఇనుప కొక్కెం అడ్డం వచ్చి వేలిని ఆపింది, ఇంక చాలు అన్నట్టు. వేలు తీసేసరికి చక్రం గిర్రుర్రుర్రుమని తనంతట తానే వెనక్కి తిరిగి మొదటి చోటికి వచ్చి నిలబడింది.

ఆమె మళ్ళీ తిప్పింది. మళ్ళీ అది వెనక్కి వచ్చింది.

"నా మాట ఇంటాంది చూడప్పా ఇది!"

"అన్నీ సరే గానీ," అంది కాసేపు చూసి. "ఈ సున్నా యాల ఈడుండాది? ఒకటికి ముందుండల్ల గదా. తొమ్మిది అయినాంక ఏంది ఇది?"

"ఎన్నో అంకె తిప్పితే అన్ని టిక్కులు కొడుతుందిక్కా అది వెనక్కి వచ్చేటప్పుడు. ఒకటికి ఒక టిక్కు, రెండుకి రెండు. సున్నాకి ఏం కొట్టల్ల? కొట్టకుండా ఉంటే తిప్పినట్లే తెలీదు. అందుకని దానికి పది పెట్టినారు."

"అట్లయితే ఏమీ లేనోడే అందరికన్నా శానా దూరం నడవల్లన్నమాట," అని లక్ష్మక్క నవ్వింది. "ఇది నాకి చేసియ్యి గంగాధరా."

గంగాధర్ కుదరదన్నాడు. ఆమె వినలేదు. ప్రతి సంతకూ వచ్చి, అంగడి ముందు కూర్చుని, ఒకసారి చింతచిగురు, ఒకసారి కొత్త చింతపండు తొక్కు ఇచ్చి, టెలిఫోన్ ఎలా ఉందని చుట్టాన్ని అడిగినట్టు అడిగి వెళ్ళేది. తొక్కు తిని తిని గంగాధర్ మెత్తబడ్డాడు. నిజానికి అతనికీ ఆ ఫోనును పలికించాలని లోపల ఉంది. పొట్ట విప్పి, చెడిపోయిన బటన్ ఫోను గుండెకాయ ఒకటి అందులో కూర్చోబెట్టాడు. టిక్కులు లెక్కపెట్టే చిన్న బోర్డు ఒకటి ఎక్కడి నుంచో తెప్పించి అతికించాడు. సిమ్ము వేశాడు. ఛార్జింగు వైరు వెనక నుంచి తీశాడు. కింద ఉన్న రెండు ఇత్తడి గంటలను మాత్రం అలాగే ఉంచాడు.

ఆ గంటల సంగతి లక్ష్మక్క మొగుడు ఎర్రన్నకు మొదటి రోజే తెలిసింది. ఆయన గొర్రెల కాపరి. మందకు ముందు నడిచే పొట్టేలు మెడలో గంట ఉంటుంది. ఆ గంట మోగితే మంద అంతా లేచి దాని వెంట నడుస్తుంది. సాయంత్రం దొడ్లో గొర్రెలను తోలి, తడిక వేసి, ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే ఇంట్లో ఫోను గణగణా మోగింది. మౌనిక చేసింది. దొడ్లో మంద మొత్తం లేచి నిలబడింది. తడికను నెట్టుకుని, తోసుకుంటూ, వాకిట్లోకి వచ్చి, గడప ముందు బారులు తీరి లోపలికి చూసింది.

"ఏమ్మే, ఆ ఫోన్ ఎత్తు బిరీన! నీకి వచ్చిందో, నా గొర్రెలకి వచ్చిందో తెలీకుండా పాయ!" అని ఎర్రన్న కేక వేశాడు.

అప్పటి నుంచి ఫోను మోగే వేళకు ఆయన తడికకు రెండు కట్లు కట్టడం మొదలుపెట్టాడు.

లక్ష్మక్కకు మాత్రం ఆ ఫోనుతో పెళ్ళికూతురి సంబరం. పిడి చెవిని మూసినట్టు కూర్చుంటుంది, నోటి దగ్గర చిన్న దోసిలి పట్టినట్టుంటుంది, మాట కింద పడిపోదు. అయితే కొన్నాళ్ళకు ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. బటన్ల ఫోనులో అంకెలన్నీ ఒకటే, నొక్కితే అయిపోయేది. ఈ ఫోనులో అలా కాదు. ఒకటి గుమ్మం పక్కనే ఉంది. రెండు, మూడు వీధిలో ఉన్నాయి. ఏడు, ఎనిమిది పొలిమేరలో. తొమ్మిదీ సున్నా అయితే చక్రం చుట్టూ పూర్తిగా తిప్పి తేవాలి, అది వెనక్కి వచ్చేదాకా కాచుకోవాలి. మధ్యలో వేలు జారిందా, మొత్తం మొదటి నుంచి.

ఇక ఆమె మనుషులను నంబర్లతో తూకం వేయడం మొదలుపెట్టింది. మౌనిక నంబరు మధ్యస్తం. చింతపండు మండీ వాళ్ళది తేలిక, ముందున్న ఏడు దాటితే అన్నీ ఒకట్లు, మూళ్ళు. అందుకని ఏ పనీ లేకపోయినా వాళ్ళకు చేసి ధర అడిగేది. మారెక్కదే వచ్చింది చిక్కు. ముందు రెండు తొమ్మిదులు. తర్వాత ఒక సున్నా. మళ్ళీ తొమ్మిది. మళ్ళీ సున్నాలు. చివర పుణ్యానికి ఒక నాలుగు.

"మా యక్కకి ఫోన్ చేయల్లంటే ముందు ఇంత సంగటి తినల్ల," అనేది పనిలో పక్కవాళ్ళతో.

పైగా ఆఖరి తొమ్మిది కాస్త తక్కువ తిరిగితే ఎనిమిది పడేది. ఎనిమిది పడితే కణేకల్లులో తిప్పయ్య అనే రైతు పలికేవాడు. కాలువ కింద వరి పెట్టే మనిషి. మొదటిసారి విసుక్కున్నాడు. రెండోసారి నవ్వాడు. ఆ తర్వాత అలవాటు పడ్డాడు.

"అక్కా, బాగుండావా?" అని ఆమె గట్టిగా అరిస్తే, "నేను మీ అక్కని కాదమ్మా, తిప్పయ్యని. ఇంకోసారి తిప్పు," అనేవాడు నిదానంగా.

"తిప్పి తిప్పి నీ కాడికే వస్తాండానప్పా. మీ ఊర్లో కాలవకి నీళ్ళు వదిలినారా?"

"వదిలినారు. మీకి వాన పడిందా?"

"మాకి యాడ వాన? మబ్బు వచ్చింది, మొగం చూపించి పాయ."

ఆ మాటలు అయ్యాక అక్కకు మళ్ళీ మొదటి నుంచి తిప్పే ఓపిక ఉండేది కాదు. రేపు చేద్దాంలే అనుకునేది. రేపు చింతపండు బస్తాలు దిగేవి. ఎల్లుండి ఎవరో చుట్టాలు. రోజూ మాట్లాడుకునే అక్కాచెల్లెళ్ళు వారానికోసారికి వచ్చారు. ఆ వారం కూడా సాగింది. ఈ లోపల ఆమె మండీకి మూడుసార్లు ధర అడిగింది.

ఒక ఉదయం ఫోను మోగింది. గొర్రెలు లేచాయి, ఎర్రన్న తడిక పట్టుకున్నాడు. లక్ష్మక్క పిడి ఎత్తింది.

"అమ్మా, నేను కణేకల్లు తిప్పయ్యని."

"ఏమప్పా, నువ్వు చేసినావ్? నేనేమన్నా తప్పు తిప్పినానా?"

"తప్పు తిప్పల్యా. అందుకే చేసినా," అన్నాడు ఆయన. "నీ ఫోన్ నాకి వచ్చి శానా దినాలాయ. అంటే మీ అక్కకి చేయడంలేదన్నమాట. ఏమన్నా కొట్లాడుకున్నారా ఏంది? బాగుండాదా ఆమె?"

లక్ష్మక్క పిడిని చెవి నుంచి తీసి చూసి, మళ్ళీ పెట్టుకుంది. "బాగుండాదప్పా," అని పెట్టేసింది కానీ, బాగుందో లేదో తనకు తెలియదని పెట్టేశాకే తట్టింది. మొగం చూడని మనిషికి గుర్తొచ్చింది, తనకు రాలేదు. మెడ మీద ఎవరో చరిచినట్టయింది.

వెంటనే కూర్చుని తిప్పింది. వేలు జారకుండా, ఒక్కో తొమ్మిదినీ కొక్కెం తగిలేదాకా లాగి, సున్నాలను వెనక్కి వచ్చేదాకా చూసి, చివరి నాలుగు కూడా వేసి చెవి పెట్టింది.

మీరు కాల్ చేస్తున్న నంబరు స్విచ్ ఆఫ్ చేయబడి ఉంది, అంది లోపల ఆడమనిషి.

కాసేపాగి మళ్ళీ తిప్పింది. అదే మాట. మధ్యాహ్నం తిప్పింది. సాయంత్రం తిప్పింది. మారెక్క ఫోను ఆపడం ఆమె ఎన్నడూ ఎరగదు. అక్క కోడిపిల్లలను గంప కింద మూసినా, తాను నిద్రపోయినా ఫోను మాత్రం రవికలో మేలుకునే ఉంటుంది. మౌనికకు చేస్తే తీయలేదు. పనిలో ఉన్నంతసేపూ ఆ పిల్లల ఫోన్లు బయట పెట్టిస్తారు.

"యాడికి పోయొస్తా," అంది మొగుడితో.

"యాడికి?" అన్నాడు ఎర్రన్న.

"యాడికికే!"

"అదే, యాడికని అడుగుతాండా."

"యాడికి ఊరికప్పా! మా యక్క కాడికి!" అని కసిరి, మరునాడు మొదటి బస్సెక్కింది.

మూడు బస్సుల ప్రయాణంలో ఆమె పక్క సీటు వాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ బయట శెనక్కాయ చేలు వాన లేక ముడుచుకుని ఉన్నాయి. అక్కకు జ్వరం వచ్చి ఉంటుందనుకుంది. తాడిపత్రి చేరేసరికి ఆ జ్వరం ఎక్కడెక్కడికో పాకిపోయింది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని కూలికి వెళ్ళిన అక్క. తన మొదటి కాన్పుకు పొయ్యి దగ్గరి నుంచి కదలనివ్వని అక్క. ఆ అక్కకు మూడు తొమ్మిదులు తిప్పలేకపోయిందా తాను? కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, యాడికి వచ్చిందా అని కండక్టరును పదేపదే అడిగింది.

నాపరాళ్ళు పరిచిన అరుగు మీద, కాళ్ళు చాపుకుని, చేటలో శెనక్కాయలు వొలుచుకుంటూ మారెక్క కనబడింది. నిక్షేపంగా ఉంది. ఇంకాస్త ఒళ్ళు చేసింది కూడా. చెల్లెలిని చూసి లేవలేదు.

"ఏమ్మే, బస్సులో వస్తివా? తిప్పేదానికన్నా ఇదే సులువనిపించిందా?"

లక్ష్మక్క సంచి అక్కడే పడేసింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

"ఫోన్ యాల ఆపినావ్? సచ్చినావో బతికినావో తెలీక గుండెలు పగిలి వస్తి!"

"నేనేం ఆపల్యా. నంబరు మార్చినా," అంది మారెక్క, కాయ చిదిమి గింజలు చేటలో వేస్తూ. "మౌనిక చెప్పింది. అమ్మకి నీ నంబరు బరువంట పెద్దమ్మా అని నవ్వింది. నేను నవ్వలేదు. నంబరు బరువా, నేను బరువా అని రెండు దినాలు తలుచుకుంటి."

లక్ష్మక్క వంగి పడేసిన సంచి ఎత్తుకుంది.

"ఆమైన మూడో దినం సిమ్ముల అంగడికి పోయి, తేలిక నంబరు ఇయ్యప్పా అంటి. తేలికంటే ఏంది పెద్దమ్మా అంటాడు వాడు. ఒకట్లు, రెండ్లు ఉండేది ఇయ్యి, తొమ్మిదులు ఒగటి కూడా వద్దంటి. ముందర ఆరన్నా ఉండకుంటే కుదరదు పెద్దమ్మా అనె. సరే ఆ ఒక్కటీ ఉండనీ అంటి. ఉండే సిమ్ములన్నీ కుప్ప పోయించి ఏరుకుంటి. ఆ పాత బరువు తీసి పోపుల డబ్బాలో పారేసినా."

"మల్ల నాకి చెప్పల్ల గదా!"

"చెప్పలేదా? పక్కింటి పాపతో అదే దినం మెసేజి పెట్టిస్తి. మీ యక్క నంబరు మారింది, తేలిక, చేయి అని. పది దినాలాయ. నువ్వు పలికితే గదా! అప్పుడు తెలిసె, బరువు నంబరుది కాదని."

"మెసేజి పెడితివా? నా ఫోనుకి?"

"నీ ఫోనుకే."

"దానికి మొగం యాడుండాదే అక్కా చదివేకి! గుంతలు తప్ప ఏముండాది దానికి!"

మారెక్క చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ నల్ల ఫోనును ఆమె చూడనే లేదు. మౌనిక చెప్పడమే విన్నది, ఫోనంటే అన్నిటికీ అద్దం ఉంటుందనుకుంది. పది రోజులుగా తాను మొగమే లేని ఫోను మీద అలిగి కూర్చున్నానని అర్థమయ్యాక ఆమె భుజాలు ముందు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత చేట ఒరిగి గింజలన్నీ అరుగు మీద దొర్లాయి. లక్ష్మక్క కూడా కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే అక్క ఒళ్ళో తల పెట్టింది.

"నీది బరువు కాదక్కా. నాకి సోమరితనం వచ్చింది, అంతే."

"తెలుసులే. లే, గింజలు తొక్కుతాండావు," అంది మారెక్క. కానీ తల మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

రెండు రోజులు ఉంది లక్ష్మక్క. ఆ రెండు రోజుల్లో గ్యాసు బుక్ చేయబోతే కుదరలేదు, బ్యాంకు వాళ్ళు పంపే ఓటీపీ నంబరు కూడా పాత సిమ్ముకే వస్తుందన్నారు. పోపుల డబ్బాలో ఆవాల కింద నుంచి సిమ్ము వెతికి తీసి, తుడిచి, పక్కింటి పాపతో ఫోనులో రెండో గాడిలో వేయించారు. వెళ్ళే రోజు మారెక్క కొత్త నంబరును చెల్లెలి చేత పాటలా పలికించి, బస్సు కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ ఇంకోసారి చెప్పించుకుంది.

ఇల్లు చేరిన మరునాడు, వంటయ్యాక, లక్ష్మక్క ఫోను ముందు తీరుబడిగా కూర్చుంది. ఆరు తిప్పింది. ఇక ఆ తర్వాత చక్రం కదిలిందో లేదో, గిర్రు, గిర్రు, గిర్రు, అన్నీ వాకిట్లోనే ఉన్నట్టు అయిపోయాయి. కొంగు సర్దుకునేలోపే అక్క గొంతు వినబడింది.

"ఎవురూ?"

"నేనేక్కా."

"అప్పుడే చేస్తివా?"

"చేస్తి."

ఇద్దరూ ఊరుకున్నారు. అన్నాళ్ళూ ఆ తొమ్మిదులూ సున్నాలూ తిరిగి వచ్చేలోపల లక్ష్మక్క చెప్పాల్సినవన్నీ వరసగా తలుచుకునేది. పక్కింటి బర్రె ఈనింది, మండీలో ధర పడింది, ఎర్రన్నకు ముల్లు దిగింది. ఇప్పుడు ఏదీ తలుచుకోకముందే అక్క ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది.

"ఇంత బిరీన వస్తే ఎట్లమే," అంది మారెక్క అటు నుంచి, కాస్త సిగ్గుపడుతున్నట్టు. "నేనింకా ఏమీ అనుకోకపోతి మాట్లాడేకి."

"నేను కూడా ఏమీ అనుకోలేదక్కా."

"సరే, ఏం కూర చేసినావ్?"

"అలసందలు."

"వట్టి అలసందలేనా, వంకాయ వేసినావా?"

వంకాయ వేయలేదని లక్ష్మక్క చెప్పింది. ఎందుకు వేయలేదో చెప్పడానికి సంతలో వంకాయల వాడితో జరిగిన గొడవ చెప్పాల్సి వచ్చింది. అది చెప్పాలంటే ముందు వాడి పెళ్ళాం సంగతి చెప్పాలి. ఎర్రన్న మందను తోలుకుని తిరిగి వచ్చేసరికి మాటలు వాడి పెళ్ళాం పుట్టింటివాళ్ళ దాకా వచ్చాయి. ఆయన తడికకు రెండు కట్లు కట్టి, తనే కంచంలో అన్నం పెట్టుకుని, గడపలో కూర్చుని తిన్నాడు.